వంతవాని ప్రశ్న: బుర్రకథను ఆలకించు తీరు



దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ సీమలలో తరతరములుగ తెలుగును మరాఠీని ఒక్క నాలుకపై నిలుపుకొని జీవించు కుటుంబములకు, ఈ నాందేడు జిల్లా 1948 వరకు నిజాము హైదరాబాదు సంస్థానములోనిదని వేరుగ చెప్పనక్కరలేదు. ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు మూలమున సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాని ఆ కాలమున, రజాకార్ల దౌర్జన్యము నానాటికి పెచ్చుపెరుగగా, 1946లో బిలోలి ప్రాంతమున పోరాటవీరుడు గోవిందరావు పాన్సరే బలియయ్యెను. స్వామి రామానంద తీర్థ నాయకత్వమున స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహమునకు పూనుకొనెను. 1948 జనవరి 30న పోరాటవీరులు ఉమ్రి బ్యాంకుపై దాడి చేసిరి.

నోరు విప్పుటయే నేరమైనచోట జనులు పాటను ఆశ్రయింతురు. అదే దశకమున జర్మనులు ఆక్రమించిన పోలండులో ఆ దేశపు స్వరకర్త షోపాన్ సంగీతము నిషిద్ధము కాగా, వార్సాలోని ఆ మహనీయుని విగ్రహమును 1940లో శత్రువులు పేల్చివేయగా, ఆ నగరవాసులు తమ ఇండ్లలోనే రహస్యముగ కచేరీలు జరుపుకొనిరి. మన తెలుగునాట అట్టి ఆశ్రయమైనది బుర్రకథ. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి జంగము కథ యనియు పిలువబడు దీనిని కొత్త ప్రయోజనమునకు మలచెను; సుంకర సత్యనారాయణ తెలంగాణ రైతు గాథను ‘కష్టజీవి’గ రచించెను; గుంటూరు జిల్లా పొన్నెకల్లునందు పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు గొంతును, అడుగును, అభినయమును సమకూర్చెను; నల్లగొండ సీమలో సుద్దాల హనుమంతు బుర్రకథలతోడను గొల్లసుద్దులతోడను పల్లెలను మేల్కొలిపెను.

ఈ కళకు రంగస్థలము గాని, తెరలు గాని అక్కరలేదు. ముగ్గురు మనుష్యులు చాలును. నడుమ కథకుడు భుజమున తంబురా మోపి, కుడిచేతి వ్రేళ్ల అందెలతో తాళము వేయుచు, గజ్జెలు ఘల్లుమన ముందుకు వెనుకకు అడుగులు వేయును. ఇరుప్రక్కల వంతలు, అనగా వంతపాడు సహచరులు, గుమ్మెటలు వాయింతురు. ఒకడు హాస్యము పలుకును, రెండవవాడు లోకవ్యవహారమును, రాజకీయమును ముచ్చటించును.

మొదటిసారి వినువారు సాధారణముగ కథకుని గళమునకే చెవి యొగ్గుదురు. నా విన్నపమేమనగా, వంతలను వినుడు. కథకుడు దొర గడీ ముంగిట వెట్టిచాకిరి చేయు రైతును వర్ణించి ఆగిన క్షణమున, అందెల మ్రోత సన్నగిల్లును. హాస్యపు వంత అమాయకునివలె, ‘దొర అడిగినాడు సరే, వీడెందుకు ఇచ్చినాడు?’ అని యడుగును. సభ ఘొల్లున నవ్వును. ఆ నవ్వు ఆరకమున్నే రెండవ వంత శిస్తును గూర్చి, నాగు వడ్డీని గూర్చి, బంట్రోతు కర్రను గూర్చి వివరించును. గుమ్మెట దరువు మారును. కథకుడు మరల రాగమెత్తుకొనును. ప్రజలు తమలో తాము అడుగ జంకిన ప్రశ్నను వంత నలుగురిలో అడిగినాడు. నవ్వినవాడెల్ల దానిని తన ప్రశ్నగ ఒప్పుకొన్నట్లే. భయమునందు ముందుగ నశించునది ప్రశ్నయే గనుక, దానిని మరల జనుల నోటికి అందించుటయే ఈ కళకు పరమప్రయోజనమని నా దృఢవిశ్వాసము.

మీకు చిరపరిచితమైన మరాఠీ పొవాడాతో పోల్చి చూడుడు. డఫు మ్రోగించుచు షాహీరు వీరగాథ నెత్తుకొనగా, వెనుకనున్నవారు ‘జీ జీ’ యని బలము చేకూర్తురు; అందు ఉద్వేగము ప్రధానము. బుర్రకథలోని వంతలు ‘తందాన తాన’ యని బలమునిచ్చుటయే గాక, అడ్డుపడుదురు, ఆక్షేపింతురు, సందేహింతురు. ఇందు వివేచనయు ఉద్వేగముతో సమానముగ నడచును. రెండింటిని ఎరిగిన నాందేడు శ్రోతకు ఈ తారతమ్యము గ్రహించుట ఎవ్వరికన్నను సులభము.

ఏటేట సెప్టెంబరు 17న మరాఠ్వాడా ముక్తిదినము జరుపుకొనునపుడు, ఒక పొవాడాను, ఒక బుర్రకథను ఒకే వేదికపై ఏర్పాటు చేయుడు. పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టి, వంత ఏయే ప్రశ్నలడిగెనో వారిచే చెప్పింపుడు. ఆ ప్రశ్నలకు వారే సమాధానములు వెదకుకొందురు.