పడిన బిడ్డ మరల లేచుటకు



ఇంటిలో తెలుగు, బడిలో రాష్ట్రభాష: ఈ రెండింటి నడుమ మన బిడ్డలు పెరుగుచున్నారు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాష్ట్రములు వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము 1956 నుండి చెప్పుచున్నది. 2006 నాటి చట్టముచే తమిళనాట తమిళము క్రమముగ నిర్బంధ పాఠ్యాంశమైనది. రాష్ట్రభాష నేర్చుట మనకును అవసరమే. అందు వివాదము లేదు. మా చింత వేరు. డెంకణికోట కొండలలోగాని, రాయగడ సీమలోగాని, మారుమూల బడిలో ఒక్క తప్పు పలికి నవ్వులపాలైన పిల్ల మరునాడు నోరు విప్పుటకు జంకును. ఆ జంకు ముదిరినచో బడియే దూరమగును.

తప్పినను సిగ్గుపడక మరల యత్నించు ధైర్యమును నేర్పుటకు ఆటయే మేలైన సాధనమని మేము తలంచుచున్నాము. ఆటలో ఓడినవానికిని మరల వంతు వచ్చును గదా!

అయితే ఆటలన్నియు ఒక్కటి కావు. వైకుంఠపాళిలో పామైనను నిచ్చెనయైనను గవ్వల పందెమునుబట్టియే వచ్చును. బిడ్డ ప్రయత్నమునకు చోటు లేదు. కావున దానిని కొంత మార్చవలెను. పామునోట పడినవాడు ఆ గడిలోని పదమును రెండు భాషలలో చదివి, దానితో ఒక వాక్యము చెప్పినచో, సగము దూరము తిరిగి ఎక్కవచ్చును. తెలియనిచో తోడివానిని అడుగవచ్చును. చెప్పినవానికిని ఒక గడి లభించును. సాయమడుగుట చిన్నతనము కాదని ఇట్లు తెలియును.

వామనగుంటలకు పటము సైతము అక్కరలేదు. నేలపై 14 గుంటలు, దోసెడు చింతపిక్కలు చాలును. ఏ గుంటనుండి తీసిన ఎచ్చట ముగియునో లెక్కించుటలో గణితమును ముందుచూపును అలవడును. ఓడినవాడు తన పొరపాటును తానే కనుగొనగలడు. తమిళుల పల్లాంకుళి, కన్నడిగుల అళగుళిమణె దీనికి తోబుట్టువులే. పొరుగుబిడ్డతో ఆడుటకు భాష అడ్డురాదు.

ఒక హెచ్చరిక. గెలిచినవారి పేర్లు నల్లబల్లపై వ్రాసి బహుమతులు పంచినచో ఆటయు మరియొక పరీక్ష యగును. నిన్న చేయలేనిది నేడు చేసిన బిడ్డనే మెచ్చుకొనవలెను. ఆట గురువులేని లోటును తీర్పజాలదు. ఉపాధ్యాయ నియామకములకై మన విజ్ఞప్తులు సాగవలసినదే.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆటలతోడి బోధనను ప్రోత్సహించుచున్నది. ఇక వేచియుండనేల? ప్రతి శాఖయు రాబోవు సెలవులలో అట్టపై ఒక వైకుంఠపాళి గీసి, సంచెడు చింతపిక్కలతో సమీపమందలి బడికి చేర్పవలెనని కోరుచున్నాము.