నెత్తురు ఆగినప్పుడు, తిరిగొచ్చినప్పుడు



కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళను మంచానికి వదిలేయకండని ఈ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి చెప్పిన డాక్టరుగారి స్మారకోపన్యాసమిది. శ్రీకూర్మంలో నిలబడి మెదడు గురించి మాట్లాడుతూ తాబేలు ఊసెత్తకుండా ఉండలేను.

గుడి ఆవరణలో మనం సాకుతున్న నక్షత్ర తాబేళ్ళు నేలమీద బతికేవి. నేను చెప్పేది వాటి దూరపు చుట్టం సంగతి. ఉత్తర అమెరికా చెరువుల్లో రంగుల తాబేలు ఒకటుంది. చలికాలమంతా మంచుకప్పు కింద ఆక్సిజన్ అందకుండా నెలల తరబడి ఉండి, మంచు కరిగాక పైకొచ్చి ఊపిరి పీలుస్తుంది. మెదడు చెక్కుచెదరదు. మన మెదడుకు నెత్తురు పూర్తిగా ఆగితే కొద్ది నిమిషాల్లోనే కణాలు చావడం మొదలవుతుంది.

శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే, ఆక్సిజన్ మాత్రం ఇరవై వంతులు దానికే కావాలి. కణాన్ని నడిపే ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు కనుగొన్నాడు. నెత్తురు ఆగగానే ఈ ఏటీపీ అడుగంటుతుంది. కణం పొరలోని పంపులు నిలిచిపోతాయి. గ్లూటమేట్ అనే రసాయనం బయటికి పొంగుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది.

నాళంలోని అడ్డు తొలగి నెత్తురు తిరిగొస్తే చాలా కణాలు బతుకుతాయి. కానీ ఆ వచ్చిన ఆక్సిజనే దెబ్బతిన్న మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ వంటి ఫ్రీ రాడికల్స్‌గా మారి, కొవ్వు నిండిన కణపొరలను కాల్చేస్తుంది. వీటికి విరుగుడు యాంటీఆక్సిడెంట్లు. ఆ తాబేలు మెదడులో అలాంటి విరుగుడైన విటమిన్ సి ముందునుంచే దండిగా ఉంటుంది. పైగా ఆక్సిజన్ తగ్గగానే అది తన ఖర్చునే తగ్గించుకుంటుంది. నాకు అసలు కీలకం ఇక్కడే కనిపిస్తుంది: దాని రక్షణ ఆపదకు ముందే సిద్ధంగా ఉంది.

మనం ఆపద వచ్చాక మందు వెతుకుతున్నాం. ఎన్‌ఎక్స్‌వై-059 అనే ఫ్రీ రాడికల్స్ విరుగుడు మందు ఎలుకల్లో పక్షవాతం మీద బాగా పనిచేసింది. 2006లో వచ్చిన మొదటి పెద్ద పరీక్ష ఆశ పెట్టింది. మూడు వేల మందికి పైగా రోగులతో జరిగి 2007లో వెలువడిన రెండో పరీక్ష ఆ ఆశను తుడిచేసింది. ఎలుకకు మందు సాధారణంగా తొందరగానే అందుతుంది, మనిషి ఆసుపత్రి చేరేసరికి గంటలు గడిచిపోతాయి. అలాంటిదే మరో మందు ఎడారవోన్‌కు జపాన్ 2001లో అనుమతినిచ్చింది. మన దేశంలోనూ వాడుతున్నారు, అమెరికాలో మాత్రం పక్షవాతానికి అనుమతి లేదు.

ఇక దుకాణంలో దొరికే యాంటీఆక్సిడెంట్ మాత్రలు. విటమిన్ ఇ మీద జరిగిన పరీక్షలను 2010లో కలిపి చూస్తే, గడ్డకట్టి వచ్చే పక్షవాతం నూటికి పది వంతులు తగ్గింది, రక్తనాళం చిట్లి వచ్చేది ఇరవైరెండు వంతులు పెరిగింది. పక్షవాతం రాకుండా ఆ మాత్రలు కొనడం దండగని నా గట్టి అభిప్రాయం. ఆ డబ్బుతో బీపీ మాత్రలు మానకుండా వేసుకోండి.

మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూసి వేళ గుర్తుపెట్టుకోండి. పసరు కోసం, పావురం నెత్తురు కోసం పరుగెత్తకండి. నోట్లో ఏమీ వేయకండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.