దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు



కులమహాసభలో క్రైస్తవ మతగురువును గూర్చిన ప్రసంగమేలయని కొందఱు మమ్మడిగిరి. విన్న పిమ్మట వారే నిర్ణయింతురు గాక.

వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరమున తిరునల్వేలి సీమలో నొక గ్రామమతగురువు నింట జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివియు పట్టము పొందకయే యువజన క్రైస్తవ సంఘమున కార్యదర్శియైరి. తమ సీమ క్రైస్తవులు సొంత ధనముతో 1903లో నొక ప్రచార సంఘమును స్థాపించుటకు దోడ్పడిరి. ఆ సంఘమువారి కార్యక్షేత్రము నిజాము రాష్ట్రములోని దోర్నకల్లు. నేడది తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలోనిది. 1909లో గురుపదవినంది, ముప్పదియైదవ యేట తామే యచటికి వచ్చి తెలుగు నేర్చిరి. పరభాషీయులకు మన భాష గఱపినవారికే యా కష్టము తెలియును!

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ క్రైస్తవ ప్రచార మహాసభ జరిగెను. అందు అజరయ్యగారు దొరల త్యాగమును కొనియాడుచునే, వారి దానములకంటె వారి మైత్రి తమకు కావలెనని కోరిరి. తోడి దేశీయునికి తమ యింట కుర్చీ చూపని మిషనరీల నడవడిని దాచక చెప్పిరి. సభలో పలువురు నొచ్చుకొనిరి.

సమానముగా దలపబడువాడు సఖుడని శాబ్దికులు వ్యుత్పత్తి చెప్పుదురు. దాతకు ప్రతిగ్రహీత సఖుడగుట సులభము గాదు. మన సంఘపు ధనముతో చదువుకొను బాలురను వాకిటనే నిలువబెట్టి మాటలాడు పోషకులు మనలోనూ లేకపోలేదు. ఈ మాట వారి సమక్షముననే చెప్పుచున్నాము, క్షమింతురు గాక.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున నా పదవినందిన భారతీయులలో వీరే ప్రథములు. భారతీయునికి ఇంత యధికారమేలయని యభ్యంతరములు లేచెను. ఆయన వాదములాడక ఎద్దుబండిపై పల్లెలు దిరిగిరి. ఆ సంఘమున జేరినవారిలో మాల, మాదిగ కులములవారే యధికులు. ఆ రెండు కులములకును నడుమ పంక్తిభేదముండెను. మతము మార్చుకొనియు ఆ భేదమును విడువకుండుటను ఆయన సహింపలేదు. మతాంతరీకరణ విషయమున గాంధీమహాత్మునితో వారికి తీవ్రమైన విభేదముండెను. మా మనస్సు మహాత్ముని వైపే మొగ్గును. అయినను, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని 1932లో వాదించినవారును ఈ అజరయ్యగారే యని మఱువరాదు.

1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమును జూచినవారికి హిందూ మండప స్తంభములును, మహమ్మదీయ గుమ్మటములును ఒక్కచోట గానవచ్చును. 1945 జనవరి 1వ తేదీన ఆయన దోర్నకల్లులోనే పరమపదించిరి. క్రైస్తవ శాఖల నైక్యమునకు 1919 నుండి పాటుపడినను, 1947లో దక్షిణ హిందూదేశ సంఘ మేర్పడుటను జూడ వారికి నోచలేదు.