హాజరు ఒక్క విద్యార్థిదేనా?



ఈ రోజు మనం మాట్లాడుకునేది 75 శాతం హాజరు గురించి. వినడానికి చిన్న విషయమే. కానీ సెమిస్టర్ చివర్లో కాలేజీ నోటీసు బోర్డు మీద పడే ఒక్క జాబితా ఒక కుర్రాడి ఏడాదిని మింగేస్తుంది. కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న మన పాళేల పిల్లలకు ఆ జాబితా అంటే ఉన్న భయం ఇంతా అంతా కాదు.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి, మినహాయింపు కోరవచ్చు. 65 కన్నా తగ్గితే మినహాయింపు లేదు. పరీక్ష రాయనివ్వరు. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఏడాదికి 180 రోజులు పాఠాలు జరగాలని యూజీసీ చెబుతోంది. అంటే సెమిస్టర్‌కు 90 రోజులు. 22 రోజులు మానితే గట్టెక్కుతాడు. 23వ రోజు మానితే గీత కిందికి పోతాడు.

22 రోజులు చాలవా అని ఉద్యోగ మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన తీరంలోనే ఉంది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. సరిగ్గా మొదటి సెమిస్టర్ ముగింపు రోజులవి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. కలెక్టర్ ఆఫీసు ఇచ్చే సెలవు రెండు మూడు రోజులు. ఆ తరువాత కూడా ఇంట్లో నీళ్లుంటాయి, రోడ్డు తెగి ఉంటుంది, బస్సు రాదు. ఆ రోజులన్నీ ఎవరి ఖాతాలో పడుతున్నాయి? విద్యార్థి ఖాతాలో!

రెండో సెమిస్టర్ సంగతి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేపల సంతతి పెరగడానికి అది అవసరమే, మేమూ కాదనం. కానీ ఆ రోజుల్లో పొయ్యి వెలగాలంటే చదువుకునే కొడుకు రొయ్యల గుంటల్లో కూలికి పోవాలి. జ్వరమొస్తే డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. ఆకలికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

పైగా ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఇదే 75 శాతాన్ని ముడిపెట్టారు. హాజరు తగ్గితే పరీక్షా పోతుంది, ఫీజూ మీద పడుతుంది. ఉన్నవాడికి ఇది ఒక దెబ్బ. లేనివాడికి రెండు దెబ్బలు. అదే ఫీజు విడుదల చేయడంలో ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆలస్యం మామూలైపోయింది. మరి సర్కారు హాజరు శాతం ఎవరు లెక్కగడతారు?

ఇంకో లెక్క ఉంది. ఒక సబ్జెక్టుకు 60 క్లాసులు జరగాలనుకుందాం. పోస్టు ఖాళీగా ఉండి 40 మాత్రమే జరిగాయి. విద్యార్థి 30 క్లాసులకు వచ్చాడు. జరిగిన వాటితో లెక్కిస్తే 75 శాతం. జరగాల్సిన వాటితో లెక్కిస్తే 50 శాతమే. ఏ లెక్క వేస్తున్నారో చాలా చోట్ల విద్యార్థికి చెప్పేవాడే లేడు. జరగని 20 క్లాసులకు జవాబుదారీ ఎవరు? గెస్ట్ లెక్చరర్ కాదు. ఆయనకే జీతం సరిగా అందదు. పోస్టులు భర్తీ చేయని పాలకులదే ఆ గైర్హాజరు.

మేమూ ఉద్యమాల్లో తరగతులు విడిచి వీధిలోకి వచ్చినవాళ్లమే. అది తెలిసి ఎంచుకున్న దారి, దాని ధర కూడా తెలుసు. కానీ బస్సు రాక ఆగిపోయిన ఆడపిల్ల దేన్నీ ఎంచుకోలేదు. ఇద్దరినీ ఒకే గీత కింద పడేయడం న్యాయం కాదు.

హాజరు పేరుతో లా విద్యార్థులను పరీక్షలకు దూరం చేయరాదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. హాజరు నిబంధనలను మళ్లీ ఆలోచించమని బార్ కౌన్సిల్‌కు సూచించింది. అది లా కాలేజీల మాట. కానీ అందులోని ప్రశ్న అందరిదీ.

హాజరే వద్దని మేం అనడం లేదు. క్లాసుకు రాని చదువు చదువు కాదు. అయితే క్లాసుకు మనిషిని రప్పించేది ఏది? మన జిల్లాకే జవాబు తెలుసు. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడులకు పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. 75 శాతమని ఎవరూ బెదిరించలేదు. పుస్తకంలో తమ బతుకు కనిపించింది కాబట్టి వచ్చారు. ఆ పాఠాల నుంచే దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం లేచింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా నడిచింది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. జరిగిన క్లాసులతోనే శాతం కట్టాలి. ప్రతి నెలా ఎన్ని క్లాసులు జరిగాయో, ఎవరి హాజరు ఎంతో బోర్డు మీద పెట్టాలి. తగ్గినవాడికి రెండో నెలలోనే చెప్పాలి, పరీక్ష ముందు కాదు. తుపాను, వరద, వేట నిషేధం మినహాయింపు కారణాల్లో చేర్చాలి. వాటికి ఫీజు వసూలు చేయరాదు. పాళేలకు కాలేజీ వేళకు బస్సు నడపాలి. ఖాళీ పోస్టులు నింపాలి.

విద్యార్థులారా, ఈ నెలే మీ హాజరు లెక్క అడిగి రాయించుకోండి. జరగని క్లాసులు కూడా తేదీలతో రాసి పెట్టుకోండి. రేపు అధికారుల ముందు మాట్లాడేది ఆ కాగితమే. ఉద్యోగ మిత్రులారా, ఆ కాగితం పట్టుకుని వచ్చే పిల్లల వెనుక మీరు నిలబడండి.