చికిత్సకు మూడవ పాదము



ఈ వార్షిక మహాసభలో ప్రసంగించుటకు మమ్ము నియోగించిన కార్యవర్గమునకు మా కృతజ్ఞతలు. మేము వైద్యులము కాము. ముప్పదియేండ్లు ఈ పాతబస్తీలో సంస్కృతాంధ్రములు బోధించి విరమించినవారము. కావున వైద్యమును గూర్చి గాక, పల్లెరోగి వైద్యునికడకు చేరు దారిని గూర్చి విన్నవింతుము.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఇందొకటి కుంటువడినను చికిత్స నిలువదు. మొదటి రెంటిని సమకూర్చుట ప్రభుత్వధర్మము. అది కొంతకుకొంత జరుగుచునే యున్నది. పల్లెలకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు వలయునని 1946లో భోర్ సంఘము చెప్పెను. నేడు మైదానప్రాంతమున 30,000 జనమునకు ఒక కేంద్ర ముండవలెనని నియమము. 2005లో 108 వాహనములును, 2007లో ఆరోగ్యశ్రీయు వచ్చినవి. 2023 డిసెంబరులో తెలంగాణమున ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలైనది. అయినను మన నేతగాండ్రు చికిత్స కందక పోవుచున్నారు. మూడవ పాదము లేమియే ఇందుకు ప్రధానకారణమని మా యభిప్రాయము.

మా దాయాదులలో నొకడు నల్లగొండ ప్రాంతపు పల్లెలో మగ్గము నేయువాడు. దగ్గుతో కృశించి, నగరములోని యొక పెద్ద వైద్యశాలకు ఒంటరిగా వచ్చెను. ఏ కిటికీకడ చీటీ తీసికొనవలెనో, ఏ గదిలో పరీక్షయో అతనికి తెలియలేదు. మూడు దినములు వసారాలో పరుండి, చేతి పైకము కాగానే, మగ్గ మాగిన దినము కూలి లేదు గదా యని మరలిపోయెను. శాలిబండలోని మా యిల్లు అచ్చటికి దూరము కాదు. "పంతులుగారిని శ్రమపెట్టనేల" యని రాలేదట! ఆరు మాసములకు క్షయ ముదిరి గతించెను.

కఫపరీక్షయు, క్షయకు మందులును ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ద్వారా వెల లేకయే లభించునని అతని కెవ్వరును చెప్పలేదు, మేమును చెప్పలేదు. తప్పంతయు వైద్యశాలదే యని కొన్నాళ్లు నిందించితిమి. మా పాలు కొంత కలదని పిదప తెలిసికొంటిమి.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచినపుడు, ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. తరువాత అచ్చట ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. దానికి నూతనభవనము కట్టుటకై 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది. భవనము లెన్ని లేచినను, వరదలో నున్నవానికి కొమ్మ చూపు మనిషి వలయును. ఆరోగ్యశ్రీ గల ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర లున్నారు, నిజమే. పల్లెరోగిని వారిదాక చేర్చువా డెవడు?

1918లో నగరమున రెడ్డి హాస్టలు నెలకొని, ఎందరో పల్లెబిడ్డలకు చదువు దారి చూపినది. విద్యార్థి కొక గది చాలినట్లే, రోగి తోడువానికి నొక గది చాలును. కావున మూడు పనులు ప్రతిపాదించుచున్నాము. ఒకటి: ప్రతి పల్లెశాఖలో చదువుకొన్న యిరువురు, రెండు వారములకు మించిన దగ్గు గలవారిని, గర్భిణులను, రక్తపుపోటు గలవారిని కనిపెట్టి, ముందుగా తమ కేంద్రమునకే తోడ్కొనిపోవలెను. రెండు: అఫ్జల్‌గంజ్ చెంత ఒక గది అద్దెకు గైకొని, ఉదయమున దారి చెప్పువాని నొకని నుంచవలెను. మూడు: మగ్గ మాగిన దినములకు కూలిలో సగమైన నిచ్చుటకు చిన్ననిధి యొకటి కూర్చవలెను. ఆ గది వాకిట కులము నడుగరాదు; రోగమునకు కులము లేదు.

గది యేర్పడిననాడు, సోమవారములు అచ్చట కూర్చుండుటకు మేము సిద్ధముగా నున్నాము. ఇక నెవ్వరును పంతులుగారిని శ్రమపెట్టనేల యని వెనుదిరుగకుందురు గాక! మిగిలిన దినములకు ముందుకు వచ్చువారు ఈ సభలోనే పేరు లియ్యవలసినదిగా ప్రార్థించుచు విరమించుచున్నాము.