రేవు దాటేటప్పుడు బండిని కట్టండి, కాలిని కాపాడుకోండి



ఆరోగ్యం గురించి చెప్పవలసిన నర్సమ్మ మోటారు సైకిలుకు తాడు కట్టడం గురించి చెబుతున్నదేమిటని మీకు అనిపించవచ్చు. కోనసీమలోనూ, గోదావరి లంకల్లోనూ రేవు దాటితే గాని బడికీ, బజారుకూ, ఆసుపత్రికీ చేరలేనివారు ఎంతోమంది ఉన్నారు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద పంటు ఎక్కే బండ్లను మీరు చూసే ఉంటారు. ఆ కాసేపటిలో బండి మీదపడి కాలు విరగవచ్చు, సైలెన్సరు తగిలి పిక్క కాలవచ్చు. కొద్దిపాటి జాగ్రత్తతో ఈ రెండింటినీ తప్పించుకోవచ్చు.

బండి ఎందుకు పడుతుంది?

మనం మామూలుగా నడిపే 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. బుల్లెట్ అయితే 190 కిలోల పైమాటే. రోడ్డు మీద స్టాండు వేస్తే బండి నిలుస్తుంది, ఎందుకంటే నేల కదలదు. పంటు మీద నేలే కదులుతుంది. అలకు ఊగుతుంది, ఒడ్డుకు తగిలినప్పుడు ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపుకు బండి ముందుకు జరిగితే సైడు స్టాండు మడుచుకుపోతుంది. చాలామంది సీటు మీదే కూర్చుని, కాళ్లు కింద ఆనించాం కదా అని ధైర్యంగా ఉంటారు. బండి ఒరిగితే ముందు నలిగేది ఆ కాలే.

ఎక్కేటప్పుడు

వెనక కూర్చున్నవారినీ, పిల్లలనూ ఒడ్డునే దించి నడిపించండి. బియ్యం మూట, గ్యాసు బండ ఉంటే వేరుగా చేర్చండి. పాటు సమయంలో నీరు తగ్గి, ఎక్కే బల్లలు బాగా ఏటవాలుగా ఉంటాయి. వాటి మీద ఒండ్రు ఉంటే జారతాయి. మొదటి గేరులో నెమ్మదిగా రండి. ముందు బ్రేకు హఠాత్తుగా నొక్కకండి.

కట్టే పద్ధతి

1. బండిని వీలైనంతవరకు పంటు మధ్యలో పెట్టించుకోండి. ఇంజను ఆపి తాళం తీయండి. పాత బండి అయితే పెట్రోలు ట్యాపు కూడా మూయండి.

2. సైడు స్టాండు వేసి, మొదటి గేరులో ఉంచండి. అప్పుడు చక్రం దొర్లదు. గేర్లు లేని స్కూటరుకైతే సెంటరు స్టాండు వేసి, ముందు చక్రానికి అటూ ఇటూ చెక్క ముక్కలు పెట్టండి.

3. ముందు బ్రేకు నొక్కిపట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కతో లివరును హ్యాండిలుకు బిగించి చుట్టండి.

4. హ్యాండిలు మొదట్లో, ఫోర్కు దగ్గర తాడు వేసి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి కిందికి లాగి కట్టండి. ముందు షాకబ్జార్లు కొద్దిగా అణగాలి. వెనక క్యారియరు దగ్గర కూడా అలాగే రెండు వైపులా కట్టండి. ఒక్క వైపే బిగిస్తే తాడే బండిని పడేస్తుంది.

5. అద్దాలకు, ఇండికేటర్లకు కట్టకండి, అవి విరుగుతాయి. నైలాను తాడు వేడి సైలెన్సరుకు తగలనివ్వకండి, కరిగి తెగిపోతుంది.

కట్టడానికి ఆధారం లేకపోతే బండి దిగి, పక్కన నిలబడి ముందు బ్రేకు పట్టుకోండి. బండికీ, పంటు అంచుకూ మధ్య మాత్రం నిలబడకండి. పిల్లలను ట్యాంకు మీద కూర్చోబెట్టకండి. హెల్మెట్ తీసి బండికి తగిలించి, లైఫ్ జాకెట్ వేసుకోండి. అవతలి ఒడ్డున మళ్లీ హెల్మెట్ పెట్టుకోవడం మరువకండి.

ఒక ముఖ్యమైన మాట. బండి నీళ్లలోకి ఒరిగిపోతుంటే వదిలేయండి. అంత బరువును ఒక్క మనిషి ఆపలేడు, దానితోపాటు తానూ పోతాడు. బండిని మళ్లీ కొనుక్కోవచ్చు.

దెబ్బ తగిలితే

సైలెన్సరు కాలితే వెంటనే 20 నిమిషాలపాటు శుభ్రమైన చల్లని నీళ్లు ధారగా పోయండి. వాపు రాకముందే పట్టీలు, మెట్టెలు తీసేయండి. ఐసు, పసుపు, సిరా, టూత్‌పేస్టు ఏదీ పూయవద్దు. బొబ్బ చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి రండి. షుగరు ఉన్నవారిలో కొందరికి కాళ్లకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలిన సంగతే తెలియదు. మీరు పంటు దిగగానే పిక్కలు, పాదాలు చూసుకోండి. చిన్న బొబ్బే కదా అని ఊరుకుంటే పుండుగా మారి కాలికే ముప్పు రావచ్చు.

బండి కింద కాలు ఇరుక్కుంటే కాలిని లాగవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి బండిని పైకి లేపండి. నూనె రాసి మర్దనా చేయవద్దు. మడిచిన అట్ట గాని, కర్ర గాని ఆనించి, కాలు కదలకుండా గుడ్డతో కట్టి, 108కి ఫోను చేయండి.

ఇంటికి వెళ్లగానే నాలుగు గట్టి తాళ్లు, ఒక ట్యూబు ముక్క, రెండు చెక్క ముక్కలు ఒక సంచిలో పెట్టి బండికి తగిలించండి. రేవులో వాటిని కట్టడానికి పట్టేది ఐదు నిమిషాలు. విరిగిన ఎముక అతకడానికి నెలలు పడుతుంది.