పుట్టకముందే పీల్చే పొగ

అండమాన్‌లోని మన సిప్పీఘాట్‌లో సముద్రపు గాలి వీస్తూనే ఉంటుంది కదా, పొగ గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఊరి గాలి ఎంత మంచిదైనా గర్భిణికి లెక్కలోకి వచ్చేది ఆమె ముక్కుకు అందే గాలే: పచ్చికట్టెల పొయ్యి, తగలబెట్టిన చెత్త, పక్కనే మోగే డీజిల్ జనరేటర్. ఆ పొగలోని పీఏహెచ్ అనే రసాయనాలు మాయను దాటి శిశువును చేరగలవు. మెదడు రూపు దిద్దుకునేదీ కడుపులో ఉన్నప్పుడే. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరికా పెరేరా బృందం గర్భిణుల వీపు సంచుల్లో గాలిని కొలిచే పరికరాలు పెట్టి, వాళ్ల పిల్లలను ఐదేళ్లదాకా గమనించింది. కడుపులో పీఏహెచ్ ఎక్కువగా సోకిన పిల్లల ఐక్యూ సగటున 4 పాయింట్లకు పైగా తక్కువని 2009లో ప్రకటించింది. ఒక్క బిడ్డలో ఇది పైకి కనిపించదు. తరగతి మొత్తం చూస్తే పాఠం అందుకోలేని పిల్లలు పెరుగుతారు.

ఇదంతా పేదరికం వల్లేనని కొందరంటారు. కానీ ఆ న్యూయార్క్ అధ్యయనంలో తల్లి చదువు, తెలివితేటలు, ఇంటి వాతావరణం లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా మిగిలింది. నన్ను ఇంకా గట్టిగా ఒప్పించింది చైనాలోని తోంగ్లియాంగ్. చిన్న అధ్యయనమే గానీ, 2004లో అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడ్డాక కడుపున పడిన పిల్లల్లో, పీఏహెచ్‌కూ ఎదుగుదల లోపానికీ అంతకుముందున్న సంబంధం కనిపించలేదు. మన తమిళనాడులోనూ మరో మూడు దేశాల్లోనూ గర్భిణులకు గ్యాస్ పొయ్యిలిచ్చి చూస్తే శిశువుల పుట్టుక బరువు పెరగలేదని 2022లో తేలిన మాట నిజమే. అయితే బరువు వేరు, నేర్చుకునే శక్తి వేరు. పైగా పొయ్యి అందేసరికే తొలి వారాలు గడిచిపోయాయి. కాబట్టి గ్యాస్ బండ సీమంతం నాటికి కాదు, కాపురం పెట్టేనాటికే ఇంట్లో ఉండాలి. కొత్త దంపతులున్న ఇళ్లకు వెళ్లినప్పుడు ఆరోగ్య కార్యకర్తలు వంట దేనిమీద చేస్తున్నారని కూడా అడగాలి.